రికార్డు మీద బొట్టు

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోపు పాట పంపకపోతే అది లేకుండానే ఆల్బమ్ అచ్చుకి వెళ్ళిపోతుందని టెడ్ సోమవారం పొద్దున్నే మెయిల్ పెట్టాడు. పాట ఉన్న రికార్డు నా చేతిలో ఉంది. ప్లేయర్ నా గదిలో ఉంది. మధ్యలో అడ్డం ఉన్నదల్లా బొటనవేలి గోరంత పసుపూ కుంకుమా, దాన్ని తుడవనివ్వని వసుమతి ఆంటీ.

"వీల్లేదంటే వీల్లేదు. పెట్టిన బొట్టు ఎవరైనా చెరుపుతారా?"

"ఆంటీ, అది రికార్డు. మనిషి కాదు."

"గుమ్మం మనిషా? పెట్టట్లా? కొత్త కారు మనిషా? దసరాకి నీ లాప్‌టాప్‌కి నేనే పెట్టాను. తుడిచావా?"

తుడిచాను. ఆ సంగతి ఆవిడకి ఈ రోజుకీ చెప్పలేదు.

వసుమతి ఆంటీ మా ఇంటి ఓనరు. నేపర్‌విల్‌లో వాళ్ళ బేస్‌మెంట్‌లో రెండేళ్ళుగా ఉంటున్నాను. ఎమ్మెస్ అయ్యాక షికాగోలో ఉద్యోగం దొరికింది. వారానికి మూడు రోజులు రైల్లో వెళ్ళొస్తాను, రెండు రోజులు ఇంట్లోంచే పని. ఆవిడకి డెబ్భై ఎనిమిది. హాస్పిటల్లో మైక్రోబయాలజీ ల్యాబ్‌లో ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ బెండకాయలు కోసే ముందు మోచేతుల దాకా చేతులు కడుగుతారు. పెరుగు తోడు పెట్టిన గిన్నె మీద టేపు అంటించి తేదీ, టైమూ రాస్తారు. నేనోసారి మూత తీసి చూస్తే, "తెరిచిన టైము కూడా రాయి" అన్నారు. వాళ్ళాయన ఆంజనేయప్రసాద్ అంకుల్ బ్రిడ్జిల ఇంజనీరు. ఎనభై మూడేళ్ళు. చొక్కా జేబులో మెకానికల్ పెన్సిల్ లేకుండా మెట్లు దిగరు. ఇలాంటి ఇంట్లో స్నో షవల్స్ రికార్డులుంటాయని నాకెవరైనా చెబితే నవ్వేదాన్ని.

ది స్నో షవల్స్ అంటే ఎవరో తెలియని వాళ్ళ కోసం (అంటే దాదాపు అందరి కోసం) త్వరగా చెప్పేస్తాను. ఇక్కడికి ఇరవై నిమిషాల దూరంలో అరోరా అనే ఊరుంది. అక్కడ నలుగురు కుర్రాళ్ళు వాళ్ళ నాన్నల కార్లు బయట నిలబెట్టి, గ్యారేజీ తలుపు దించుకుని, తమకు వచ్చింది వాయించారు, రానిది ఇంకా గట్టిగా వాయించారు. గ్యారేజ్ రాక్ అంటే అదే. వెయ్యి ఊళ్ళలో వెయ్యి బ్యాండ్లు ఆ పని చేశాయి. వీళ్ళు 1968 నుంచి 71 మధ్య ఏడు సింగిల్స్ వేశారు. సింగిల్ అంటే చిన్న ప్లేటు, ముందు పక్క ఒక పాట, వెనక పక్క ఒక పాట. మొత్తం పద్నాలుగు పాటలు, ఒక్కటీ రెండున్నర నిమిషాలు దాటదు. 

నేను ఎమ్మెస్ చేసేటప్పుడు యూనివర్సిటీ రేడియోలో శనివారం మధ్యాహ్నాలు వాలంటీరుగా కూర్చునేదాన్ని. అక్కడ విన్నాను వీళ్ళని మొదటిసారి. ఒక్క పాట వింటే ఏమీ ఉండదు, నిజం చెబుతున్నాను. ఎవడో అరుస్తుంటాడు. వరసగా వినాలి. మొదటి దాంట్లో డ్రమ్ములవాడు మిగతా ముగ్గుర్నీ వదిలేసి పరిగెత్తుతుంటాడు. రెండో దాంట్లో వాళ్ళు వాణ్ణి పట్టుకుంటారు. మూడో దాంట్లో ఎవరికో కొత్త ఆర్గన్ వచ్చినట్టుంది, అవసరం ఉన్నా లేకపోయినా అదే మోగుతుంటుంది. నాలుగో దాంట్లో నలుగురూ ఒకేసారి ఆగడం నేర్చుకుంటారు, నేర్చుకున్నామని మనకి తెలియాలని నాలుగు సార్లు ఆగుతారు. ఐదో దాంట్లో కాస్త పొగరు. ఏడో దాంట్లో బేస్ గిటార్ వాయించేవాడు మారిపోయాడు, పాటలో నేల లేనట్టుంటుంది. పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు మన చెవుల ముందే పెద్దవాళ్ళయిపోతుంటారు, ముప్పావుగంట లోపు.

ఆరోది? అదే గొడవ. ఆరో సింగిల్ రెండొందల కాపీలు అచ్చేసి పెట్టెలు ఒక కారు డిక్కీలో పెట్టి మర్చిపోయారు. జూలై ఎండకి అప్పడాల్లా వంకర్లు తిరిగిపోయాయి. వెనక పాట ఒక రేడియో స్టేషన్ టేపులో దొరికింది. ముందు పాట, "ఫర్నెస్ ఈజ్ అవుట్", విన్నవాళ్ళే లేరు. మిల్వాకీలో ఇద్దరే మనుషులున్న చిన్న రికార్డు కంపెనీ నడిపే టెడ్ నాలుగేళ్ళుగా ఈ సింగిల్స్ అన్నీ కలిపి ఒక ఆల్బమ్‌గా వేయాలని తిరుగుతున్నాడు. లోపలి వ్యాసం రాయడానికి నన్ను పెట్టుకున్నాడు. పద్నాలుగులో పదమూడు దొరికాయి.

పద్నాలుగోది మా ఇంటి పూజ అల్మారాలో, దీపాల నూనె సీసా వెనక ఉంది.

ఆ మార్చిలో ఒకరోజు ఆంటీకి నడుం పట్టేసి, కింది అరలోంచి ఒత్తుల డబ్బా తీసిమ్మన్నారు. తీస్తే వెనక ఏడు కాగితం కవర్లు. మొదటి దాని మీద పసుపు మరక. లోపల ది స్నో షవల్స్. నేను వేసిన కేకకి అంకుల్ పైనుంచి, "ఏమైంది, బల్లా?" అని అడిగారు.

"ఆంటీ! ఇవి... ఇవి మీ దగ్గర ఎందుకున్నాయి?"

"నావి కాబట్టి. ఒత్తులేవీ?"

ఒత్తులు వెలిగించి, దణ్ణం పెట్టుకుని, చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నాక గానీ ఆవిడ చెప్పలేదు. మధ్యలో నన్ను రెండుసార్లు ఈనెలు సరిగ్గా తీయట్లేదని తిట్టారు.

1968 అక్టోబరులో ఆవిడ అరోరాలో దిగారు. పెళ్ళయి నాలుగు నెలలు. ఒక గ్యారేజీ పైన వేసిన రెండు గదుల వాటాలో అద్దెకి చేరారు. అంకుల్ పొద్దున్నే సైటుకి వెళ్ళిపోతే సాయంత్రం ఆరుకి వచ్చేవారు. మూడున్నరకి స్కూలు వదలగానే కింద మొదలయ్యేది.

"నేల అదిరేది. స్టవ్ మీద గిన్నె దానంతటదే జరిగేది. నాలుగు రోజులు ఓర్చుకున్నాను. ఐదో రోజు చీర మీద స్వెట్టరేసుకుని, బూట్లేసుకుని కిందికి పోయి తలుపు దబదబా బాదాను."

"తిట్టారా?"

"తిట్టడానికి ఇంగ్లీషు రావద్దూ? ఎమ్మెస్సీ ఇంగ్లీషు వచ్చు, తిట్లు రావు. ఊరికే నిలబడ్డాను. నలుగురూ నన్ను చూసి బిక్కచచ్చిపోయారు. ఓనర్ కొడుకు గ్యారీ, డ్రమ్ములు వాడివే, పరుగున పోయి ఒక రికార్డు తెచ్చి చేతిలో పెట్టాడు. సారీ చెప్పడం అన్నమాట. అప్పుడే అచ్చయి వచ్చిందట."

అమెరికాలో ఆవిడ చేతికి వచ్చిన మొదటి కొత్త వస్తువు అది. మిగతావన్నీ వేరేవాళ్ళు వాడి ఇచ్చినవే. కొత్తది కదా అని పైకి తీసుకెళ్ళి, పసుపు తడిపి, కవర్ మూల రాసి కుంకుమ బొట్టు పెట్టారు. మర్నాడు గ్యారీ వచ్చి అదేమిటని అడిగితే, మంచి జరగాలని, అన్నారు. ఆ శనివారం ఊరి రేడియోలో ఆ పాట వేశారు.

అంతే. ఆ తర్వాత అచ్చయిన ప్రతి సింగిల్ మొదటి కాపీ వెనక మెట్లెక్కి ఆవిడ దగ్గరికి వచ్చేది. నలుగురూ వంటింట్లో వరసగా నిలబడేవారట. బొట్టు పెట్టేదాకా ఒక్కడూ మాట్లాడేవాడు కాదట. ఒకసారి గిటార్‌కి కూడా పెట్టమన్నారు. ఆంప్లిఫయరుకి పెట్టారు, కరెంటుదని అంకుల్ వద్దన్నా.

"నాకు నచ్చాయి అమ్మాయ్ ఆ పాటలు. ఎందుకో చెప్పనా? రెండు నిమిషాల్లో చెప్పేది చెప్పి వెళ్ళిపోతారు. మన అసోసియేషన్ మీటింగుల్లో మైకు పట్టుకున్నవాడు ఎవడైనా అలా దిగాడా ఇప్పటిదాకా?"

"నన్నంటోంది," అన్నారు అంకుల్ పేపర్ వెనకనుంచి.

"మిమ్మల్నే. కిందటేడు ఉగాదికి నలభై నిమిషాలు."

"పంచాంగంలో ఉన్నది చదవొద్దా మరి? ఆ గోల ప్లేట్లకి ఏముందో నాకర్థం కాదు. వాళ్ళకి శ్రుతి లేదు."

"నీళ్ళు కాచేటప్పుడు గీజరుకీ శ్రుతి ఉండదు. పని చేస్తుందిగా!"

దీన్నంతా నేను ఫోన్లో రికార్డు చేసుకుంటూ ఆనందంతో చచ్చిపోతున్నాను. టెడ్‌కి మెసేజ్ పెట్టాను. టెడ్ ఫోన్ చేసి ఒక నిమిషం పాటు ఊపిరి మాత్రమే పీల్చాడు.

తర్వాత ఆరో కవర్లోంచి రికార్డు తీశాను. బొట్టు కవర్ మీద లేదు. లేబుల్ అంచున మొదలై, గీతల మీదికి జారి, పాట చివరి భాగమంతా పాకి ఉంది.

నా ప్లేయర్ మీద వేశాం. నిమిషన్నర పాటు స్వర్గం. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నెస్ పోయింది, అమ్మ కోటేసుకుని సూప్ కలుపుతోంది, కుక్క నా బూట్లలో దూరింది, అని అరుపులు. ఆ తర్వాత టక్. ఒక చుట్టుకి ఒక టక్. నలభై సెకన్ల పాటు టక్, టక్, రెండు చోట్ల ముల్లు ఎగిరి ముందుకి గెంతింది. ఆంటీ మాత్రం కళ్ళు మూసుకుని, టేబుల్ మీద చూపుడువేలితో ప్రతి టక్‌కీ కొడుతున్నారు. పాట తాళంతో ఆ టక్‌కి సంబంధమే లేదు. ఏభై మూడేళ్ళుగా ఆవిడకి ఆ పాట అంతే.

టెడ్ విని, కంప్యూటర్‌తో టక్ తీస్తే డ్రమ్ములు కూడా పోతున్నాయి, పైగా ముల్లు గెంతినచోట పాటే లేదు, రికార్డు శుభ్రం చేసి మళ్ళీ వేయాల్సిందే, అన్నాడు. రెండు చుక్కల డిస్టిల్డ్ వాటరు, మెత్తటి గుడ్డ. పది నిమిషాల పని.

మొదటి నెలంతా తర్వాత చూద్దాం అన్నారు. రెండో నెల ఏకాదశి అన్నారు. టెడ్ గడువు పెట్టిన సోమవారం నేను నేరుగా అడిగితే అసలు సంగతి బయటపడింది.

బేస్ గిటార్ వాయించేవాడి పేరు డెనిస్. 1971 ఫిబ్రవరిలో వాడికి వియత్నాం యుద్ధానికి రమ్మని ఆర్మీ నుంచి కాగితం వచ్చింది. సోమవారం బయల్దేరాలి. శనివారం ఆరో సింగిల్ మొదటి కాపీ పట్టుకుని ఒక్కడే మెట్లెక్కి వచ్చాడు. ఆంటీ చంకలో ఎనిమిది నెలల మనోహర్, ఇప్పుడు బాతెల్ అనే ఊళ్ళో ఉండే వాళ్ళబ్బాయి. కవర్ కూడా లేకుండా తెచ్చాడని, లేబుల్ మీదే పెడదామని పసుపు ముంచారు.

"మనసులో అనుకున్నాను. వీడు వెనక్కి వచ్చేదాకా ఈ బొట్టు చెరగనివ్వనని. సరిగ్గా అప్పుడే మనోహర్ తన్నాడు. వేలు జారింది. ఇంతవరకూ పాకింది. తుడుద్దామంటే అప్పటికే మొక్కేశాను కదా!"

"ఆయన రాలేదా ఆంటీ?" గొంతు తగ్గించి అడిగాను.

"ఎందుకు రాలేదు? డెబ్భై రెండులో వచ్చేశాడు. ఎల్జిన్‌లో ఉంటాడు. ఫర్నెస్‌లు రిపేరు చేస్తాడు. క్రిస్మస్‌కి కార్డు పంపుతాడు."

వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టాను.

"వచ్చేశారు కదా! మరి మొక్కు తీరిపోయింది కదా!"

"వచ్చాడు. ఇంకా ఉన్నాడు కదా. ఇన్నాళ్ళూ బాగానే ఉన్నాడు. మొన్న గుండెకి స్టెంటు వేశారు, అయినా బాగానే ఉన్నాడు. ఇప్పుడు తుడిచి, రేపు వాడికేమైనా అయితే?"

"ఆంటీ, మీరు మైక్రోబయాలజిస్టు!"

"కాదన్నానా? ల్యాబ్‌లో మైక్రోబయాలజిస్టుని. ఇది వంటింట్లో పెట్టాను."

అంకుల్ పేపర్ మడిచారు. "యాభై మూడేళ్ళ నుంచి వింటున్నాను దీన్ని. వియత్నాం యుద్ధమే అయిపోయింది. ఈవిడ బొట్టు డ్యూటీ దిగలేదు."

మంగళవారం నేను మూడు రకాలుగా ప్రయత్నించాను. కుంకుమలో సీసం ఉంటుందని ఒక వార్త చూపించాను. "ఇది మా అత్తగారు ఇంట్లో చేసింది, నీ వార్తలోది కాదు." మనోహర్ అన్నయ్యతో ఫోన్ చేయించాను. ఆయన, "మామ్, ఇట్స్ జస్ట్ పసుపు," అన్నాడు, ఆవిడ ఫోన్ నా చేతిలో పెట్టేసి, "తన్నినవాడు వీడు, సలహా చెప్పేవాడూ వీడే," అన్నారు. ఆవిడ పడుకున్నప్పుడు తుడిచేద్దామా అని కూడా అనుకున్నాను. అల్మారా దాకా వెళ్ళాను. ఆంటీ నమ్మకం తప్పే కావచ్చు, ఆ తర్వాత డెనిస్‌కి ఏమైనా అయితే మాత్రం నా జన్మలో నేను మళ్ళీ పాటలు వినలేను. వెనక్కి వచ్చేశాను. ఇలాంటి పిచ్చి నాకూ అంటించారని ఆవిడ మీద ఇంకా మండింది.

బుధవారం లంచ్ టైములో ఎల్జిన్‌కి డ్రైవ్ చేశాను. డెనిస్ ఇంటి ముందు వ్యాన్‌లో పనిముట్లు సర్దుతున్నాడు. డెబ్భై మూడేళ్ళవాడు, మోకాళ్ళు వంగడం లేదు, రిటైరవ్వడట. ఆ కుర్రాళ్ళు ఆంటీని పిలిచే పేరుతో, మిసెస్ పి పంపారని చెప్పగానే చెయ్యి తుడుచుకుని నిలబడ్డాడు. మొక్కు సంగతి చెప్పాను. ఆయనకి తెలియదు! అదృష్టం కోసం పెట్టారనే అనుకున్నాడట ఇన్నేళ్ళూ.

ముందు గట్టిగా నవ్వాడు. తర్వాత వ్యాన్ మెట్టు మీద కూర్చున్నాడు.

"స్టెంటు వేసినప్పుడు కూడా ఉందా అది?" అని అడిగాడు ఇంగ్లీషులో.

"ఉంది. ఇప్పుడూ ఉంది. అదే సమస్య."

తుడవొచ్చని ఆయన చేత ఫోన్లో వీడియో తీయించుకుని ఎగురుకుంటూ వచ్చాను. ఆంటీ వీడియో రెండుసార్లు చూశారు. "చిక్కిపోయాడు," అన్నారు. "ఫోన్లో చెబితే ఎలా? ఇది పూజ సంగతి. మనిషి ఉండాలి."

నేను మెట్ల మీదే కూలబడ్డాను. ఆఫీసు మీటింగు మిస్సయింది, టెడ్ రెండు మెయిళ్ళు పెట్టాడు, మధ్యాహ్నం తిండి లేదు. అప్పుడు అంకుల్, దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి, జేబులోంచి పెన్సిల్ తీసి గాల్లో ఆడిస్తూ అన్నారు:

"వసూ, వినాయకచవితికి ఏం చేస్తావు? దేవుణ్ణి బొమ్మలో ఉండగానే నీళ్ళలో వేస్తావా?"

"ఉద్వాసన చెప్పాకే."

"మరి? దీనికీ ఉద్వాసన చెప్పు. ఆ బొట్టు రికార్డు మీద ఉంది, వాడి కోసం ఉంది. తీసి వాడికే పెట్టు. అసలు మనిషి మీదకి చేరాక ప్లేటు మీద మిగిలింది ఉత్త పసుపు. కడుక్కోండి."

ఆంటీ ఆయన వైపు చాలాసేపు చూశారు. "ఈ ముక్క యాభై ఏళ్ళ కిందట చెప్పొచ్చుగా?"

"నన్నెవరడిగారు? నాకు శ్రుతి తెలుసు తప్ప రాక్ తెలీదుగా."

గురువారం డెనిస్‌కి రెండు ఇళ్ళలో ఫర్నెస్ పని ఉంది. శుక్రవారం పది గంటలకి వస్తానన్నాడు. పదీ పదికి వచ్చాడు. ఆ పది నిమిషాల్లో నేను కిటికీ దగ్గరకి పదకొండుసార్లు వెళ్ళానని అంకుల్ లెక్క చెప్పారు.

డెనిస్ ముందు గుమ్మం వదిలేసి ఇంటి చుట్టూ తిరిగి వెనక తలుపు దగ్గరకి వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పాడు. వంటింట్లో స్టవ్ పక్కన, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఒక్కడివే వచ్చావా?" అన్నారు ఆంటీ.

"ఇప్పుడు ఒక్కణ్ణే మిగిలాను, మిసెస్ పి."

ఆంటీ తలూపారు. రికార్డుని ఇత్తడి పళ్ళెంలో పెట్టారు. అంకుల్ గట్టిగా గొంతు సవరించుకుని ఉద్వాసన మంత్రం చదివారు. రెండు వాక్యాలే. ఆయన జీవితంలో అంత త్వరగా ముగించిన ప్రసంగం ఇంకోటి లేదు. ఆంటీ ఉంగరం వేలితో ఆ ఎండిపోయిన కుంకుమని మెల్లగా గీకి, వేలికి అంటినంతా డెనిస్ నుదుటి మీద పెట్టారు. ఆయనది తెల్లటి నుదురు, ముడతలు. బొట్టు ముడతలోకి దిగింది. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. 1971లో ఎలా నిలబడ్డాడో నాకు తెలియదు, అలాగే నిలబడి ఉంటాడు.

"ఇక తుడవొచ్చా ఆంటీ?" పదీ ఇరవై అయిదు.

"నువ్వు ముట్టుకోకు. స్వాబింగ్ నీకేం తెలుసు?"

మోచేతుల దాకా చేతులు కడిగారు. గ్లవ్స్ వేసుకున్నారు. అంకుల్ చేత భూతద్దం తెప్పించుకున్నారు. నేను తెచ్చిన గుడ్డ వద్దని, దూదిపుల్లలు డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, గీతల వెంబడి, ఒక పుల్లకి ఒక్కటే తుడుపు, పారేయడం, ఇంకో పుల్ల. డెబ్భై పుల్లలు. నేను ఫోన్లో టైము చూసినప్పుడల్లా, "తొందరపడితే కల్చర్ పాడవుతుంది," అంటున్నారు. ఇక్కడ సూక్ష్మజీవుల కల్చర్ ఏముంది ఆంటీ! పదకొండూ ఇరవైకి తలెత్తి, "వేయి," అన్నారు.

నేను ప్లేయర్ వంటింట్లోకే తెచ్చిపెట్టాను, కంప్యూటర్‌కి కలిపి. అంకుల్‌తో సహా అందరూ నోరు మూసుకున్నారు. ముల్లు దించాను.

ఫర్నెస్ పోయింది. అమ్మ కోటు. కుక్క బూట్లలో. నిమిషన్నర దాటింది. టక్ లేదు. ఆంటీ వేలు మాత్రం టేబుల్ మీద అలవాటుగా కొట్టి, సమాధానం రాక, గాల్లో ఆగింది. పాట చివర అందరూ ఒక్కసారిగా ఆగుతారు, నాలుగో సింగిల్లో నేర్చుకున్న ఆగడం. నిశ్శబ్దం. అందులోకి బేస్ గిటార్ ఒక్కటే, అందరికన్నా ముందు, తప్పుగా, దబ్బున దూకింది. వెనక ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వులోంచే మిగతావాళ్ళు అందుకుని, పాట ముగిసేదాకా పరిగెత్తారు.

నేను గట్టిగా అరిచాను. ఇన్నేళ్ళూ పసుపు కింద ఉన్నది ఇది!

డెనిస్ ముఖం ఎర్రబడింది. "అది నేనే. ముందే వచ్చేశాను. మళ్ళీ తీద్దామని బతిమాలాను. స్టూడియో టైము అయిపోయింది. నాకు ఆర్మీ కాగితం ఏ రోజైనా రావచ్చు, ఇంకెప్పుడు తీస్తారు?" తర్వాత నా వైపు తిరిగి, "కంప్యూటర్‌లో సరిచేయొచ్చు కదా? ఆ ఒక్క దెబ్బ వెనక్కి జరపొచ్చు కదా?" అన్నాడు.

"చచ్చినా జరపను!"

"అది నా పరువు."

"ఆ తప్పే సార్ పాట మొత్తానికి ప్రాణం! అందుకే ఇవి వింటారు జనం! సరిగ్గా వాయించినవి కావాలంటే వేరే లక్ష ఉన్నాయి!"

"చాలా బాగుంది," అన్నారు అంకుల్. "శుభ్రం చేయడానికి మూడు నెలలు పోట్లాడి, ఇప్పుడు తప్పు ఉంచడానికి పోట్లాట."

పదకొండూ ముప్ఫై ఎనిమిది. నాకు ఏడుపొస్తోంది. ఆంటీ ఇవేవీ పట్టించుకోకుండా గ్లవ్స్ విప్పుతూ అడిగారు.

"ఆ నవ్వింది ఎవరురా డెనిస్? గ్యారీయేనా?"

డెనిస్ తలూపాడు. గ్యారీ పోయి ఇరవై ఏళ్ళయిందని ఆంటీ నాతో అంతకుముందే చెప్పారు.

"నా తప్పు జరిపితే," అని నెమ్మదిగా నన్నడిగాడు, "ఆ నవ్వు ఏమవుతుంది?"

"రెండూ కలిసిపోయి ఉన్నాయి. అదీ పోతుంది."

"మళ్ళీ వేయి."

మళ్ళీ వేశాను. ఆయన నవ్వు వచ్చేచోట తల కొంచెం పక్కకి వంచాడు. అయిపోయాక ముక్కు తుడుచుకుని, "పంపించెయ్," అన్నాడు.

పదకొండూ యాభై ఒకటికి పంపాను. టెడ్ నుంచి ఒక్క ముక్క జవాబు: అందింది. డెనిస్ పప్పు, చిక్కుడుకాయ కూరతో అన్నం తిని, మా ఫర్నెస్ ఫిల్టరు మార్చి, నుదుటి మీద బొట్టుతోనే వ్యాన్ నడుపుకుంటూ వెళ్ళిపోయాడు. 

ఆంటీకి మాత్రం కొన్నాళ్ళు పాట కొత్త చెప్పులా ఇబ్బంది పెట్టింది. "టక్ లేకపోతే ఎక్కడున్నామో తెలియట్లేదు అమ్మాయ్," అన్నారు. ఇప్పుడు నవ్వు వచ్చేచోట కొడుతున్నారు టేబుల్ మీద.

సెప్టెంబరులో పార్సెల్ వచ్చింది. పెద్ద ఆల్బమ్, పద్నాలుగు పాటలు, అట్ట మీద గ్యారేజీ ఫోటో, పక్కన వెనక మెట్లు. లోపల నా వ్యాసం, చివర్న వసుమతి ఆంటీ పేరు. మొదటి కాపీ మాకే అన్న మాట టెడ్ నిలబెట్టుకున్నాడు. నేను ప్లాస్టిక్ విప్పి, ఊపిరి బిగబట్టి, తళతళలాడే నల్ల రికార్డుని బయటికి లాగాను. వెలుగులో తిప్పి చూసుకుంటున్నాను. వెనక చప్పుడైంది.

ఆంటీ గిన్నెలో పసుపు తడుపుతున్నారు. ఉంగరం వేలు అప్పటికే ముంచారు.

"ఆంటీ, కవర్ మీద! కవర్ మీద పెట్టండి! అంకుల్, పట్టుకోండి ఆవిణ్ణి!"

"నాకు తెలీదా?" అన్నారు ఆవిడ, వేలెత్తి రికార్డు వైపే వస్తూ. "ఈసారి చంకలో పిల్లాడెవడూ లేడుగా. నువ్వు కదలకుండా నిలబడు."